జుట్టు నాటించుకునే ముందు



మన మేళ్లచెరువు శివరాత్రి జాతరకు వచ్చిన మా మనవడు మూడు రోజులూ నెత్తిన టోపీ తీయలేదు. ఇరవై నాలుగేండ్లకే బట్టతల. సంబంధాలు తప్పిపోతున్నవని వాని బాధ. "తాతా, నీ డిపాజిట్ ఇడిపియ్యి, జుట్టు నాటించుకుంటా" అన్నాడు. నేను నవ్వినాను. వాడు అన్నం ముందునుంచి లేచిపోయినాడు. నవ్వడం నాదే తప్పు.

మరునాడు వాని వెంట హైదరాబాదు పోయినాను. గుమాస్తా బుద్ధి గదా, ప్రశ్నలు కాగితం మీద రాసుకున్నాను. ఒకచోట అమ్మాయి ఈ రోజే అడ్వాన్సు కడితే తగ్గింపు అన్నది. ఆపరేషన్ చేసేదెవరంటే పేరు చెప్పలేదు. లేచి వచ్చినాం. యూట్యూబులో చూసినంత మాత్రాన ఈ పనికి శిక్షణ అయినట్లు కాదని 2022లోనే జాతీయ వైద్య కమిషన్ చెప్పింది.

రెండోచోట చర్మవైద్యులు నిదానంగా చెప్పినారు. కొత్త జుట్టు పుట్టించేది కాదట. తల వెనుక నుండి తీసి ముందర నాటుతారు, ఆ నిల్వకు హద్దున్నది. నాటినవి తొలి వారాల్లో రాలి, మూడు నాలుగు నెలలకు మళ్లీ మొలుస్తాయి. నిండుగా కనబడటానికి ఏడాది. పక్కనున్న పాత జుట్టు మాత్రం రాలుతూనే ఉండవచ్చు. చిన్న వయస్సులో బట్టతల ఎందాకా పోతుందో తెలియదు గనుక ముందు మందులు వాడి చూడమన్నారు.

మనబోటి వారెవరైనా పోతే బీపీ, షుగరు, రక్తం పలుచబడే మాత్రల సంగతి దాచకూడదు. అందం కోసం చేసే ఆపరేషనుకు బీమా సాధారణంగా రాదు.

తిరుగు బస్సులో మనవడు టోపీ తీసి కిటికీ పక్కన కూర్చున్నాడు. డిపాజిట్ అట్లనే ఉన్నది. నెలనెలా మందుల ఖర్చు నాది. సెలవు.