సిరియు చర్మవర్ణమును



తండ్రి విడిచిన ఆస్తి కొడుకునకు తిండిగింజలు మాత్రమే కాదు; చదువునకు ఖర్చు, వ్యాపారమునకు మదుపు, కష్టకాలమున తనఖా. అమెరికా నల్లజాతివారికి ఈ ఆధారము ఏల కుదురలేదో విచారింపుడు.

1865 జనవరిలో సేనాని షెర్మన్, బానిసత్వము వదలిన కుటుంబములకు 40 ఎకరములకు మించకుండ దక్షిణ తీరభూములు పంచవలెనని ఉత్తరు విచ్చెను. సుమారు 40 వేలమంది ఆ నేలపై కుదురుకొనిరి. ఆ యేడే అధ్యక్షుడు ఆండ్రూ జాన్సన్ అందు చాల భాగమును పూర్వపు దొరలకు మరల నిప్పించెను. పట్టా లేని సేద్యమెట్టిదో ఈ సభకు వేరుగ చెప్పవలెనా?

పోనీ, కూలిడబ్బు దాచుకొందమన్న నదియును దక్కలేదు. వారికొఱకే 1865లో పుట్టిన ఫ్రీడ్‌మన్స్ సేవింగ్స్ బ్యాంకు, పెద్దలు హామీ చాలని అప్పులిచ్చుటచే, 1874లో మూతపడెను. అప్పటి ఖాతాదారులు 61 వేలకు పైబడి యుండిరి. నిల్వ సుమారు 30 లక్షల డాలర్లు. చాలమందికి పూర్తిసొమ్ము ముట్టలేదు. ఒక్కొక్క కాసు వెనుక ఎన్ని చెమటచుక్కలో ఏ చిట్టాలోను వ్రాయబడి యుండదు.

1930లలో ప్రభుత్వము గృహఋణములకు పూచీపడ నారంభించెను. నల్లవారి పేటలకు మాత్రము పటములపై ఎఱ్ఱరంగు పూసి, అపాయస్థలములనిరి. ఇండ్ల అమ్మకమున వర్ణభేదమును చట్టము నిషేధించినది 1968లో. అప్పటికే తెల్లవారి ఇండ్లు వెలపెరిగి బిడ్డలకు సంక్రమించుచుండెను.

2022 లెక్కలలో నడిమితరగతి తెల్లకుటుంబపు ఆస్తి 2,85,000 డాలర్లు, నల్లకుటుంబపుది 44,900. జీతములలో ఇంత యెడము లేదు. ఒకే కళాశాలలో చదివిన యిరువురిలో నల్లయువకుడు తఱచుగ పెద్ద అప్పుతో వెలువడును. రెండవవానికి తాతయిల్లు వెనుక నుండును.