పాచి వదిలిద్దాం, పన్ను నిలుపుకుందాం

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవ సభలో యువతను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



ఆగస్టు 9న ఇలా కలిసినప్పుడల్లా భూమి గురించి, అడవి గురించి, మన భాషల గురించి, ఆటపాటల గురించి మాట్లాడుకుంటాం. మాట్లాడుకోవాలి కూడా. నన్ను మాత్రం నిర్వాహకులు "ఆరోగ్యం మీద ఓ నాలుగు మాటలు చెప్పండమ్మా" అన్నారు. మలేరియా గురించో, రక్తహీనత గురించో చెబుతానని అనుకుని ఉంటారు. నేను పళ్ళ గురించి చెబుతాను. నవ్వుతున్నారు. నవ్వండి. కానీ మీలో కొందరు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతున్నారు. ఆ చేతుల గురించే నా మాట.

నేను బి.ఎడ్. చదివి, కొన్నాళ్ళు పాఠాలు చెప్పి, తర్వాత ఆడపిల్లల హాస్టల్ వార్డెన్‌ని అయ్యాను. ఇన్నేళ్ళలో నేను చేసిన పొరపాట్లలో ఒకటి ఇవాళ మీ ముందు చెబుతున్నాను. మీరు అది చెయ్యకూడదని.

ఎనిమిదో తరగతి పాప ఒకామె రోజూ కంచంలో అన్నం వదిలేసేది. "తిండి పారేస్తావా? మీ ఇంటికాడ ఎంత కష్టపడితే ఈ గింజలు వస్తాయో తెలీదా?" అని అందరి ముందు కోప్పడ్డాను. పాప ఏమీ అనలేదు. ఒక పక్కనే నమలడం నేను గమనించలేదు. కొన్నాళ్ళకు ఓ ఉదయం దవడ వాచి కనపడింది. "ఏటైందమ్మా?" అంటే "ఏటీ లేదు మేడం, కొంచెం నొప్పెడతంది" అంది. నొప్పి మాత్ర ఇచ్చాను, లవంగం పెట్టమన్నాను. అలా మూడు రోజులు గడిపేశాను. నాలుగో రోజుకు జ్వరం, వాపు కంటి కిందకు వచ్చేసింది. అప్పుడు పరుగెత్తాం. డాక్టరు గారు చూసి, చీము దవడలోకి దిగింది, ఇంకా ఆలస్యం చేస్తే ప్రాణం మీదకు వచ్చేది అన్నారు. వాపు తగ్గాక పన్ను తీసేశారు. తిరిగి వస్తుంటే బస్సులో ఆ పిల్ల నన్ను ఒకటే అడిగింది: "మళ్ళీ వస్తాది కదా మేడం?"

రాదు. అది పాలపన్ను కాదు. ఆరేళ్ళ వయసులో వచ్చే మొదటి పెద్ద దవడ పన్ను. సైన్సు పాఠం చెప్పినదాన్ని, ఆ పిల్లకు ఆ మాట ముందే చెప్పి ఉండాల్సింది.

హాస్టల్‌కి వచ్చాక ఆ పాప పెట్టె తెరిచి చూశాను. మేము ఇచ్చిన బ్రష్షులు మూడు, పేస్టులు రెండు, కవరు కూడా విప్పకుండా ఉన్నాయి. "ఇంటికాడ చెల్లికి, తమ్ముడికి దాచాను మేడం" అంది. రిజిస్టర్‌లో మాత్రం అందరికీ బ్రష్షులు అందినట్టు నా సంతకం ఉంది. బ్రష్షు ఇవ్వడం వేరు, పాచి పోవడం వేరు అని నాకు ఆ రోజు తెలిసింది.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. మన తెలుగులో మంచి మాట ఉంది, పాచి. చెరువు మెట్ల మీద పట్టేదీ పాచే, పొద్దున్న లేవగానే నోట్లో ఉండేదీ పాచే. రెండూ ఒకలాంటివే. నీళ్ళు పోస్తే చెరువు మెట్టు పాచి పోతుందా? పోదు. గీకాలి. పంటి పాచి కూడా పుక్కిలిస్తే పోదు, రుద్దాలి.

పళ్ళు తోముకున్న కొద్ది నిమిషాలకే లాలాజలంలోని మాంసకృత్తులు పంటి మీద సన్నని పొరగా అంటుకుంటాయి. ఆ పొర చెడ్డది కాదు. కానీ కొన్ని గంటల్లో దాని మీద బ్యాక్టీరియా చేరి, ఒకదానికొకటి అతుక్కుని, బంకలాంటి గూడు కట్టుకుంటాయి. ఒక రోజంతా తోమకపోతే గోటితో గీకి చూడండి, తెల్లగా, మెత్తగా వస్తుంది. 1683లో హాలెండ్‌లో లీవెన్‌హుక్ అనే బట్టల వ్యాపారి తన పంటి పాచిని తానే తీసి, తాను చేసుకున్న సూక్ష్మదర్శిని కింద పెట్టి, అందులో కదిలే ప్రాణులు ఉన్నాయని రాశాడు. మనిషి బ్యాక్టీరియాను మొదట చూసిన సందర్భాల్లో అది ఒకటి.

ఈ ప్రాణులకు ఇష్టమైన తిండి చక్కెర. మనం తీపి తిన్న కొద్ది నిమిషాలకే అవి ఆమ్లం తయారు చేస్తాయి. ఆ ఆమ్లం పంటి పైన ఉండే గట్టి పొర, అంటే ఎనామిల్ నుంచి ఖనిజాలను లాగేస్తుంది. లాలాజలం దాన్ని కడిగి, ఖనిజాలు తిరిగి అందించడానికి అరగంట నుంచి గంట పడుతుంది. అందుకని ఎంత తీపి తిన్నామన్నదాని కంటే ఎన్నిసార్లు తిన్నామన్నది ముఖ్యం. అన్నంతో పాటు ఒక్కసారి తింటే నోరు ఒక్కసారి కోలుకుంటే చాలు. జేబులో చాక్లెట్లు పెట్టుకుని గంటకొకటి చప్పరిస్తే కోలుకునే సమయమే ఉండదు. రాత్రి నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోతుంది. కాబట్టి తీపి తిని అలాగే పడుకోవడం అన్నిటికంటే చెడ్డది.

పాచిని అలాగే వదిలేస్తే లాలాజలంలోని కాల్షియం దానిలో చేరి కొద్ది రోజుల్లోనే గట్టిపడడం మొదలవుతుంది. అదే గార. గార పట్టాక బ్రష్షుకు రాదు, డాక్టరు పనిముట్టుతోనే తీయాలి. దాని గరుకు మీద మళ్ళీ పాచి పడుతుంది. చిగుళ్ళు ఎర్రబడి, వాచి, రక్తం వస్తుంది. రక్తం వస్తోందని చాలామంది అక్కడ తోమడం మానేస్తారు. అది తప్పు. పాచి ఉన్నందువల్లే రక్తం వస్తోంది. మెత్తని బ్రష్షుతో రోజూ తోమితే తగ్గుతుంది.

దీనికి రుజువు ఉంది. 1965లో డెన్మార్క్‌లో హరాల్డ్ లో అనే శాస్త్రవేత్త, ఆయన తోటివారు ఆరోగ్యంగా ఉన్న 12 మందిని పళ్ళు తోమడం మానేయమన్నారు. పది రోజుల నుంచి మూడు వారాల లోపు అందరికీ చిగుళ్ళు వాచాయి. మళ్ళీ తోమడం మొదలుపెట్టగానే వారం పది రోజుల్లో బాగయ్యాయి. చూశారా, ఆ దశలో అది తిరిగి బాగయ్యే జబ్బే.

ఇక్కడ మీలో ఒకరు లేచి అడుగుతారని నాకు తెలుసు: "మేడం, మా తాత ఎప్పుడూ బ్రష్షు పట్టలేదు. ముసలితనంలో కూడా చెరకు కొరికి తినేవాడు." నిజమే. దానికి రెండు జవాబులున్నాయి. ఒకటి, మీ తాత చోడి అంబలి, సామ అన్నం, దుంపలు తిన్నాడు. తీపి అంటే పండగకో, తేనె దొరికినప్పుడో. ఇవాళ సంతకు వెళ్తే రూపాయి చాక్లెట్టు నుంచి రంగు కూల్‌డ్రింకు దాకా చిన్న పిల్లల చేతికి అందుతున్నాయి. తిండి మారింది, తోమే తీరు మారలేదు. రెండోది, శ్రీలంక తేయాకు తోటల్లో పనిచేసే 480 మంది తమిళ కూలీలను ఇదే లో బృందం 1970 నుంచి 15 ఏళ్ళు గమనించింది. వాళ్ళెవరికీ పళ్ళు తోమే అలవాటు లేదు. నూటికి 8 మందికి జబ్బు వేగంగా ముదిరి పళ్ళు ఊడిపోయాయి. 81 మందికి నెమ్మదిగా ముదిరింది. 11 మందికి మాత్రం చిగుళ్ళ వాపు దాటి పోలేదు. మీ తాత ఆ 11 మందిలో ఒకడై ఉంటాడు. మీరు ఎందులో ఉన్నారో ఎవరూ చెప్పలేరు.

అయితే మన పద్ధతులన్నీ పనికిరానివా? కాదు. వేపపుల్ల, కానుగపుల్ల మంచివే. చివర బాగా నమిలి కుంచెలా చేసి, బయటి వైపు, లోపలి వైపు, వెనక దవడలు కూడా ఓపికగా రుద్దితే పాచి పోతుంది. మనలో చాలామంది ముందు పళ్ళు నాలుగు రుద్ది, పుల్ల చీల్చి నాలుక గీసుకుని పారేస్తాం. తప్పు పుల్లది కాదు, మనది. పుల్లలో లేనిది ఫ్లోరైడ్. అది ఎనామిల్ గట్టిపడడానికి సాయం చేస్తుంది. అందుకని పొద్దున్న పుల్లతో తోముకున్నా, రాత్రి మాత్రం ఫ్లోరైడ్ పేస్టుతో తోమండి. పుల్ల పట్టుకున్నవాణ్ణి చూసి నవ్వకండి, ఖరీదైన బ్రష్షు కొని వాడనివాడి కంటే వాడు నయం. బొగ్గు, ఇటుక పొడి మాత్రం వద్దు. అవి పాచితో పాటు ఎనామిల్‌ని కూడా అరగదీస్తాయి. అరిగిన ఎనామిల్ మళ్ళీ పెరగదు.

మనది కదా అని అన్నీ నిలుపుకోనక్కర్లేదు. శ్రీకాకుళం ప్రాంతంలో అడ్డపొగ తెలియనివారు లేరు. చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని తాగడం, అదీ ఎక్కువగా మన అమ్మలు, అవ్వలు. ఈ ప్రాంతంలో 10,169 మంది గ్రామస్తులను పరీక్షించి, అడ్డపొగ వల్ల అంగిట్లో వచ్చే మచ్చల గురించి, పుండ్ల గురించి 1971లో ఒక అధ్యయనం వెలువడింది. ప్రపంచమంతా వైద్య విద్యార్థులు నోటి క్యాన్సర్ చదివేటప్పుడు మన జిల్లా పేరు చదువుతారు. అది మనకు గొప్ప కాదు. ఒడిశా వైపు నుంచి వచ్చే గుడాకుతో పళ్ళు తోముకునేవాళ్ళు కూడా ఉన్నారు. అది పొగాకు, బెల్లం పాకం కలిపిన ముద్ద. తోముతున్నామనుకుంటూ పొగాకు రుద్దుకుంటున్నాం. పొగాకు ఇంకో మోసం చేస్తుంది. చిగుళ్ళ రక్తనాళాలు కుంచించుకుపోయి రక్తం కనపడదు. లోపల జబ్బు ముదురుతున్నా పైకి బాగున్నట్టే ఉంటుంది.

ఇక మా హాస్టల్‌లో ఏం చేశామో చెబుతాను. ఖర్చు లేని పనులే. ఒక ఆదివారం వంటకు వచ్చిన బీట్‌రూట్ ముక్కలు పిల్లలందరితో నమిలించి, పుక్కిలించి అద్దంలో చూసుకోమన్నాం. పాచి ఉన్నచోట ఎర్రగా అంటుకుంటుంది. ముందు నేను నమిలాను. నా కింది పళ్ళ లోపలి వైపంతా ఎరుపే! పిల్లలు పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. ఆ రోజు నుంచి నేను చెప్పేది విన్నారు. తర్వాత రాత్రి భోజనం అయ్యాక, పడుకోబోయే ముందు, అందరం ఒకేసారి కుళాయిల దగ్గర నిలబడి రెండు నిమిషాలు తోముకోవడం మొదలుపెట్టాం. బఠాణీ గింజంత పేస్టు చాలు. చిగురు, పన్ను కలిసేచోట బ్రష్షును కొంచెం వంచి మెల్లగా రుద్దాలి. ఉమ్మేసి, ఎక్కువ నీళ్ళతో పుక్కిలించకుండా వదిలేస్తే ఫ్లోరైడ్ కాసేపు పంటి మీద ఉంటుంది. కుచ్చు విచ్చుకుంటే, లేదా మూడు నెలలకొకసారి, బ్రష్షు మార్చాలి. ఎవరి బ్రష్షు వారిదే. పళ్ళ సందుల్లో పిన్నీసులు, సూదులు పెట్టకూడదు.

మెనూలో చిక్కీ ఉంటుంది, బెల్లం వేసిన రాగి జావ ఉంటుంది. రక్తం పట్టాలంటే అవి కావాలి, మానమని చెప్పను. తిన్నాక నీళ్ళతో పుక్కిలించమని మాత్రం చెబుతాం. చిక్కీ దాచుకుని రాత్రి దుప్పటి కింద తినొద్దని కూడా చెబుతాం. ఆ పని చేసేవాళ్ళు ఇక్కడే ఉన్నారు, నాకు తెలుసు.

రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద బడులకు వచ్చే వైద్య బృందాలు 18 ఏళ్ళ లోపు పిల్లలను చూస్తాయి. అందులో పళ్ళు కూడా ఉన్నాయి. వాళ్ళు వచ్చినప్పుడు నోరు తెరిచి చూపించండి. నల్ల చుక్క కనపడినా, చల్లనీళ్ళకు జివ్వుమన్నా అప్పుడే వెళ్తే పూడ్చేస్తారు. దవడ వాచినా, జ్వరం వచ్చినా ఒక్క రోజు కూడా ఆగొద్దు. నేను ఆగాను. ఒక పిల్ల పన్ను పోయింది.

చివరిగా ఒక పని అప్పగిస్తాను. పర్లాకిమిడిలో ఉన్న గిడుగు రామమూర్తి గారు సవర భాష నేర్చుకుని, సవర పిల్లలకు వాళ్ళ భాషలోనే పాఠం చెప్పాలని పట్టుబట్టారు. నేను తెలుగులో చెప్పాను. సీతంపేట, భామిని వైపు వాళ్ళు ఇదే సంగతి ఇంట్లో సవరలో చెప్పండి. కురుపాం, గుమ్మలక్ష్మీపురం, సాలూరు వైపు మీ అవ్వకు ఏ భాష వస్తే ఆ భాషలో చెప్పండి. ఇవాళ ఇంటికి వెళ్ళాక ఆరేడేళ్ళ పిల్లనో, పిల్లాణ్ణో దగ్గర కూర్చోబెట్టుకుని, సెల్‌ఫోన్ లైటు వేసి, చివరి దవడ పన్ను చూడండి. పాలపన్నే కదా, ఊడిపోతుందిలే అని వదిలేసేది ఆ పన్నునే. "ఇది మళ్ళీ రాదమ్మా" అని చెప్పి, బ్రష్షు చేతికిచ్చి, పక్కన నిలబడి తోమించండి.

ఆ ఎనిమిదో తరగతి పాప ఇప్పుడు కాలేజీలో చదువుతోంది. సెలవులకు వెళ్ళినప్పుడల్లా చెల్లెలి నోరు తెరిచి చూస్తానని చెప్పింది. చెల్లెలి పళ్ళన్నీ ఉన్నాయట. మీ ఇళ్ళలో కూడా అలాగే ఉండాలి. వచ్చే ఏడాది ఇదే సభలో చెయ్యి అడ్డం లేకుండా నవ్వే ముఖాలు చూడాలని నా కోరిక.