దీపములోని ఇసుక
(విజయవాడలో నొక పఠనమందిరమున గావించిన ఉపన్యాసము)



మాది న్యాయవాద వృత్తి. భౌతికశాస్త్రమునందు మాకు అధికారము లేదు. అయినను ఈ మందిరమున మన తలలపై వెలుగుచున్న ఎల్.ఇ.డి. దీపమును గూర్చి నాలుగు మాటలు మనవి చేయ సాహసించుచున్నాము.

మన డెల్టా గ్రామములలో పెండ్లి ఊరేగింపులకు ముందు నడచిన పెట్రోమాక్సు లైటు పెద్దలకు జ్ఞాపకముండును. దాని మాంటిలులో నూటికి 99 పాళ్లు థోరియము ఆక్సైడు, 1 పాలు సీరియము ఆక్సైడు. ఆ ఒక్క పాలు లేనిచో దీపము వెలవెలబోవును. ఈ పాకమును 1891లో కుదిర్చినవాడు ఆస్ట్రియా దేశీయుడగు ఆవర్ ఫాన్ వెల్స్‌బాఖ్. థోరియము మోనజైటు ఇసుకలో దొరకును. 1909లో షాంబర్గు అను జర్మను తిరువాన్కూరు తీరమున దానిని కనిపెట్టగా, ఆ ఇసుక ఓడలెక్కి విదేశములకేగెను.

నేటి దీపములోను ఆ సీరియమే యున్నది. పని మాత్రము వేరు. మాంటిలు వేడికి కాగి వెలుగును. ఇందు చిన్న బిళ్ల నీలికాంతి నిచ్చును. దానిపై పూసిన ఇట్రియము గార్నెట్టు పొడిలో కొలదిగా కూర్చిన సీరియము ఆ నీలమును కొంత మ్రింగి పసుపుకాంతిగా వెలువరించును. రెండును కలిసి కంటికి తెలుపగును. ఎర్బియము కూర్చిన పొడిది మరియొక వింత. దాని పచ్చనికాంతి రెండు పాయలుగా నుండును. వేడిమి మారినకొలది వాని నిష్పత్తి మారును. అది కొలిచినచో, తీగ తగిలింపకయే ఉష్ణోగ్రత తెలియును. బలమైన విద్యుత్తు తీగల కొలతలను తారుమారు చేయు యంత్రములకడ ఈ విద్య యెంత అక్కరయో ఇబ్రహీంపట్నము విద్యుత్కేంద్రము ప్రక్కనున్న మనకు వేరుగ చెప్పనేల?

దేశపు మోనజైటు నిలువలలో ఆంధ్రప్రదేశ్‌దే పెద్ద వాటా. భీమునిపట్టణపు ఇసుకలో అది గలదు. ఈ ధాతువులు కూర్చిన గాజులపై నాగార్జున, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయములలో ఏండ్లతరబడి పరిశోధన జరిగినది. విశాఖయందు 2023లో అయస్కాంతముల కర్మాగారము వెలసినది. దీపపు పొడి విషయమునను అట్టి పూనిక కావలయునని మా విన్నపము. 2025 ఏప్రిలులో చీనా ఇట్రియము, టెర్బియము మున్నగు ఏడింటి ఎగుమతికి నిర్బంధము విధించినది మరువరాదు.

ఐనను గొప్పలు వలదు. మన మోనజైటులో సీరియము, లాంథనము, నియోడిమియము మెండు. ఇట్రియము, టెర్బియము బహు స్వల్పము. థోరియము వలన దానికి రేడియోధార్మికత కూడ కలదు. కావున తీరమున వలలారబెట్టు జాలరుల నడుగక ఇసుక నెత్తుట మాకు సమ్మతము గాదు. గనుల అర్జీల విషయమున వారి పక్షమున కాగితములు చదివి వినిపించుటకు చట్టము తెలిసినవారు పోవలెను. మేము సిద్ధముగ నున్నాము. తోడువచ్చువారు సభానంతరము పేరులు వ్రాయించవలెను.