గాయమునకు సముద్రపు కట్టు

మోర్తాడ్ పసుపు చేలకు సముద్రము బహుదూరము. అయినను, పసుపు త్రవ్వునపుడు గునపము కాలికి తగిలినను, బోధన్ వైపు చెరకు నరకునపుడు కత్తి చేతికి తెగినను, ఆ గాయమును మాన్పుటకు నేడు సముద్రము కొన్ని సాధనములను అందించుచున్నది. వానిని గూర్చి ఈ ప్రసంగమున ముచ్చటింతము.

మొదటిది రొయ్య పెంకు. రొయ్యల పెంపకమున మన దేశములో ఆంధ్రప్రదేశ్‌ది ప్రథమస్థానము. నెల్లూరు, భీమవరము ప్రాంతములలో రొయ్యలను ఎగుమతికి ఒలిచినపుడు పెంకు మిగిలిపోవును. అందు కైటిన్ అను పదార్థము కలదు. దీనిని 1811లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు బ్రాకొనో మొదట పుట్టగొడుగులలో కనుగొనెను. 1859లో రూజె దానిని గాఢమైన క్షారముతో కాచి, పలుచని ఆమ్లములో కరగునట్లు చేసెను. అట్లు మారిన పదార్థమే కైటొసాన్. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ రొయ్య పెంకునుండి దీనిని తయారుచేయు విధానమును మన దేశమున రూపొందించినది.

ఎర్ర రక్తకణముల పైభాగమున ఋణ విద్యుదావేశము, కైటొసాన్‌కు ధనావేశము ఉండును. అందుచే రెండును అంటుకొని ముద్దగట్టి, కారుచున్న రక్తమునకు అడ్డుకట్ట వేయును. యుద్ధభూమిలో గాయపడిన సైనికులకు ఇట్టి కట్లను వాడుచున్నారు.

రెండవది సముద్రపు నాచు. 1881లో స్కాట్లండున స్టాన్‌ఫర్డ్ అను రసాయనవేత్త నాచునుండి ఆల్జినేటును వేరుచేసెను. దాని పోగులతో చేసిన కట్టును రసి కారు పుండుపై ఉంచినచో, పోగులలోని కాల్షియమును రసిలోని సోడియమును చోటు మార్చుకొని, పోగులు మెత్తని జిగురుగా మారును. కట్టు విప్పునపుడు క్రొత్త చర్మము ఊడిరాదు. అయితే పొడి పుండునకు ఇది తగదు.

మూడవది చేప చర్మము. ఐస్లండున కాడ్ చేప చర్మమునుండి కణములను తొలగించి, మిగిలిన అల్లికను ఎంతకును మానని పుండ్లపై పరచుచున్నారు. పందిరిపైకి తీగ ప్రాకినట్లు మన కణములు దానిలోనికి ప్రాకి, క్రొత్త కణజాలమును కట్టుకొనును.

శ్రోతలు ఒక్క విషయము మరువరాదు. పందిరి ఎంత గట్టిదైనను, తీగకు నీరు అందవలెను గదా! మధుమేహము అదుపులో లేక, పాదమునకు రక్తప్రసరణ తగ్గినచో, ఎంత ఖరీదైన కట్టును పుండును మాన్పజాలదు. స్పర్శ తగ్గిన పాదమునకు ముల్లు గ్రుచ్చుకొన్నను తెలియదు. చెప్పులు లేక చేలో నడచిన రైతు ఆ పుండును చూచుకొనుసరికి ఆలస్యమై, వ్రేలు, ఒక్కొక్కప్పుడు పాదమే తీసివేయవలసి వచ్చును.

కావున మేము మనవి చేయునది ఇది. గాయమైన వెంటనే పసుపు అద్దుట మన యిండ్ల వాడుక. కాని వంటింటి డబ్బాలోని పొడి శుద్ధిచేసిన మందు కాదు. లోతైన గాయమున దానిని నింపరాదు. రక్తము ధారగా కారుచున్నచో శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమిపట్టి, ఆలస్యము చేయక ఆసుపత్రికి పోవలెను. చిన్న గాయమును మంచినీటితో కడిగి గుడ్డ కట్టవలెను. ధనుర్వాతపు సూదిమందు అవసరమా యని అడుగవలెను. రొయ్యలు తిన్నచో దద్దురులు వచ్చువారు ఆ సంగతిని వైద్యునికి ముందే చెప్పవలెను. మధుమేహమున్నవారు ప్రతి రాత్రియు దీపము వెలుగున అరికాళ్ళు చూచుకొనవలెను; వంగలేనివారికి ఇంటిలోని పిల్లలు చూచి చెప్పవచ్చును.