పాటలకు పహాణీ



మాది దేవరకొండ ప్రాంతము. పద్మనాయక ప్రభువుల కోట నీడలో పుట్టి, ఆ చుట్టుప్రక్కల పల్లెలలో బడిపంతులుగా నా యుద్యోగకాలమంతయు గడపినవాడను. మా ప్రాంతపు రైతునకు ఒకప్పుడు పహాణీ కంటె ముఖ్యమైన కాగితము లేకుండెను. ఏ సర్వే నంబరు భూమి యెవరి పట్టా, సాగుచేయువా డెవడు, అందు వేసిన పంట యేమి యన్న సంగతులన్నియు నందుండెడివి. పహాణీలో పేరు లేనివాడు ముప్పది యేండ్లు దున్నినను కచ్చేరిలో వాని మాటకు బలము లేకుండెను. నేడు నేను చెప్పబోవునది పాటల పహాణీని గూర్చి. పాటకును పాటగానికిని అట్టి లెక్క వ్రాయుటకై సముద్రముల కావల కొందఱు నడపిన పత్రికల సంగతి చెప్పి, పిమ్మట మన సంగతి మనవి చేసెదను.

ముందుగా నా తప్పిద మొకటి యొప్పుకొనవలెను. ఏటేట పంట కళ్ళములకు వచ్చు దినములలో మా యూరికి డక్కలి వృద్ధు డొకడు కిన్నెర భుజాన వేసికొని వచ్చుచుండెను. వెదురు దండమునకు సొరకాయ బుర్రలు గట్టిన యా వాద్యమును మీలో పలువురు చూచియే యుందురు. అతడు పాలమూరి పండుగ సాయన్న కథ నెత్తుకొన్నచో, తూర్పారబట్టు కూలీలు చేటలు దించి వినుచుండిరి. ఆ కథ నడుమ మా ప్రాంతపు వాగులు, గుట్టలు, కరవులు పేరుపేరున వచ్చుచుండెను. ఒకనాడు పాట ముగించి, నా వైపు చూచి, “పంతులూ, నా పాట నీ పుస్తకంల పడుతదా?” అని యడిగెను. “వచ్చేయేడు తీరికగా కూర్చుండి వ్రాసుకుందాం తాతా” అంటిని. మఱుసటి యే డతడు రాలేదు. విచారింపగా వానలలో కాలము చేసెనని తెలిసినది. కుమారుడు సుతారి పనికి హైదరాబాదు పోయెనట. కిన్నెర అటకపై చెదలు పట్టియున్నది. అతని పాటలో నేడు నాకు నాలుగు చరణములకు మించి జ్ఞాపకము లేదు. ఆ నాలుగింటి వరుసయు సరియో కాదో చెప్పువారు లేరు.

ఇక సముద్రముల కావలి కథ. అమెరికా దేశములో నల్లజాతివారు తరతరములు బానిసలుగా ప్రత్తిచేలలో పాటుపడిరి. 1865లో బానిసత్వము చట్టముచేత రద్దయ్యెను గాని బ్రతుకులు మారలేదు. దొర భూమిని పాలునకు చేయుట, విత్తనములకు తిండికి అప్పుపడుట, ఏడాది చివర లెక్క చూచినపుడు మరల బాకీయే తేలుట. వెట్టిని, నాగుబాకీని ఎఱిగిన మన పెద్దలకు దీనిని విడమరచి చెప్పనక్కరలేదు. ఆ చేలలో పుట్టిన పాటకు బ్లూస్ అని పేరు. ఒక చరణమును రెండు మారులు పాడి, మూడవ చరణముతో దానికి జవాబు చెప్పుట దాని సామాన్య లక్షణము. పొట్టచేతబట్టుకొని జనులు మిసిసిపీ చేలనుండి షికాగో నగరమునకు తరలినపుడు పాటయు వారి వెంట తరలెను. ఆ పాటకు దేవాలయపు భజనకీర్తనల యావేశము కలసి, 1950వ సంవత్సరమునకు పిమ్మట సోల్ అను క్రొత్త గాన మేర్పడినది. రే చార్లెస్, అరీతా ఫ్రాంక్లిన్ మొదలైనవారు దానిని లోకమెల్ల వినిపించిరి.

1920 మొదలు వర్తకులు ఈ పాటలను గ్రామఫోను పలకలకెక్కించి అమ్మిరి. పలక అమ్ముడైనంతనే వారి పని తీరినది. పాడినవా డెవడు, ఏ యూరివాడు, బ్రతికియున్నాడా లేడా యన్న చింత వారికి లేదు. నలుబది యేండ్లు గడచుసరికి గొంతులు మాత్రము మిగిలినవి, మనుష్యులు మరుగుపడిరి. పలకమీది పేరు నిజమైన పేరో మారుపేరో గూడ తెలియని స్థితి యేర్పడినది.

అప్పుడు పుట్టినవి నేను చెప్పిన పత్రికలు. 1963లో ఇంగ్లండులో బెక్స్‌హిల్ అను సముద్రతీరపు చిన్న పట్టణమునుండి సైమన్ నేపియర్, మైక్ లెడ్‌బిటర్ అను ఇద్దఱు యువకులు ‘బ్లూస్ అన్‌లిమిటెడ్’ అను పత్రికను ప్రారంభించిరి. 1966లో జాన్ ఆబీ అను నతడు ప్రారంభించిన పత్రిక మఱుసటి యేడు ‘బ్లూస్ అండ్ సోల్’ అను పేరు దాల్చినది. 1968లో స్వీడనులో ‘జెఫర్సన్’, ఫ్రాన్సులో ‘సోల్ బ్యాగ్’ పుట్టినవి. ఎక్కడి స్వీడను, ఎక్కడి మిసిసిపీ! పాట పుట్టిన నేలను కన్నుల చూడనివారే పెక్కుమంది ఈ పత్రికలను తెప్పించుకొని యక్షరమక్షరము చదివిరి.

వాటిలో నేమి వ్రాసెడివారు? మొదటిది జాబితా. ఏ పలక యే నాడు, ఏ యూర పాడబడినది, వాద్యములు మ్రోగించినవారెవ్వరు, పలక సంఖ్య యెంత. ఇదియే నేను చెప్పిన పహాణీ. రెండవది పాటగానితో ముచ్చట: అతని పుట్టువు, గురువు, కూలి, కష్టము అతని మాటలలోనే. మూడవది పాఠకుల జాబులు. ఒకరు తప్పు వ్రాసినచో వేఱొకరు దిద్దుట, ఒకరి యొద్ద లేని పలక తనయొద్ద నున్నదని ఇంకొకరు తెలుపుట. ఇట్లు పదిమంది చేతులు పడి లెక్క తేటపడినది. లెడ్‌బిటరును, నీల్ స్లావెన్ అను నతడును కలసి 1943 మొదలు 1966 వఱకు వచ్చిన బ్లూస్ పలకల పట్టికను 1968లో గ్రంథముగా వెలువరించిరి. లెడ్‌బిటర్ 1974లో ముప్పది రెండేండ్ల ప్రాయమున గతించెను. అతడు కూర్చిన లెక్క మాత్రము నిలిచినది.

ఇట్టి వెదకులాట వలన గలిగిన మేలునకు దృష్టాంత మొకటి చెప్పెదను. జాన్ హర్ట్ అను మిసిసిపీ కూలివాడు 1928లో కొన్ని పాటలు పలకలకు పాడి, మరల తన పల్లెకు పోయి పొలముపనిలో పడిపోయెను. లోక మతనిని మరచినది. అతని పాటలలో నొకదానియందు అవలాన్ తన సొంతయూరని చెప్పుకొనియున్నాడు. ఆ యొక్క మాటను బట్టి, 1963లో టామ్ హాస్కిన్స్ అను యువకుడు పటములలో ఆ పల్లెను వెదకి పట్టుకొని, వెళ్ళి చూడగా వృద్ధుడు సజీవుడై యుండెను. ఆ యేడే న్యూపోర్టు సంగీతోత్సవమున వేలాదిమంది అతని గానమును వినిరి. 1966లో మరణించువఱకు ఆయన గౌరవముతో పాడుకొనెను. పాటలో నొక యూరి పేరు నిలిచినందున మనిషి దొరకినాడు. ఈ సంగతి చదివినపుడెల్ల నాకు మా డక్కలి తాత జ్ఞప్తికి వచ్చును. అతని పాటలో ఊళ్ళ పేరులు ఎన్నియో యుండెను, వ్రాసినవాడు లేకపోయెను.

ఒక సందేహము కలుగవచ్చును. పరదేశీయులు పత్రికలు నడపినంత మాత్రమున పాటగాని యింట పొయ్యి వెలుగునా? న్యాయమైన ప్రశ్నయే. పలకలు అమ్మినవారికి వచ్చిన ధనములో పాడినవారికి చేరినది స్వల్పము. అందుచేతనే 1970లో షికాగోలో కొందఱు యువకులు పాట పుట్టిన దేశములోనే ‘లివింగ్ బ్లూస్’ అను పత్రిక నెలకొల్పిరి. సజీవ గానమని దాని పేరునకు అర్థము. చచ్చినవారి స్తోత్రముకంటె బ్రతికియున్నవారిని వినుట ముఖ్యమని వారి యభిమతము. 1983నుండి ఆ పత్రికను మిసిసిపీ విశ్వవిద్యాలయము ప్రకటించుచున్నది. ప్రత్తిచేల పాట, ఊరంతయు తిరిగి, తన పుట్టినింటికే చేరినదన్నమాట.

మనకు మాత్రము ఈ పని క్రొత్త కాదు. 1922లోనే మన నల్లగొండనుండి షబ్నవీసు వేంకటరామనరసింహారావుగారు ‘నీలగిరి’ పత్రిక నడపిరి. 1926లో సురవరము ప్రతాపరెడ్డిగారు ‘గోలకొండ’ పత్రిక స్థాపించిరి. తెలంగాణములో కవులు పూజ్యమని యొక పండితుడు వ్రాయగా, ప్రతాపరెడ్డిగారు తగవులాడుచు కూర్చుండలేదు. పల్లెపల్లెకు జాబులు వ్రాసి, 354 మంది కవుల రచనలతో 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ను ప్రకటించిరి. లేరన్నవారికి లెక్క చూపిరి. పిమ్మట బిరుదురాజు రామరాజుగారు జానపద గేయములను సేకరించి, పరిశోధించి, ఉస్మానియా విశ్వవిద్యాలయమునుండి పట్టము పొందిరి. అయినను పద్యము వ్రాసినవానికి గలిగిన లెక్క, పాట పాడినవానికి పూర్తిగా కలుగలేదు. నాగరుకర్నూలు ప్రాంతపు పండ్రెండు మెట్ల కిన్నెర కళాకారుడు దర్శనం మొగులయ్యగారికి 2022లో పద్మశ్రీ బిరుదము వచ్చినపుడు మనమందఱము సంతసించితిమి. ఆయనవలె పాడి, పేరు లేకయే పోయినవా రెందఱో యని ఆ దినమున మనలో నెందఱము తలచితిమి?

పెద్దలు కోపింపకుందురుగాక. కిన్నెరవాడు, ఒగ్గువాడు, శారదకాండ్రు మన వాకిట నిలిచినపుడు, శేరు గింజలు పెట్టి పంపుటయే ధర్మమనుకొంటిమి. వారు బిచ్చమునకు వచ్చినారనుకొంటిమి గాని, మన యూరి చరిత్రను మోసికొని వచ్చినారనుకొనలేదు. కులము తక్కువయని చాపకు దూరముగా కూర్చుండబెట్టితిమి. పాట పోవుటకు చెద లొక్కటే కారణము కాదు.

నా విన్నపము చిన్నది. ప్రతి గ్రామమున ఒక పుస్తకము పెట్టుడు. నాటువేయు తల్లుల పాట, తండాలలోని లంబాడీ పాట, కిన్నెర కథ, ఏది దొరకిన నది వ్రాయుడు. ఇప్పుడు చేతిఫోను లేని యిల్లు అరుదు. పడుచువాండ్రచేత గొంతును పట్టించుడు. అయితే పాడినవారి పేరు, ఊరు, వయస్సు, తేదీ, నేర్పినవారి పేరు తప్పక వ్రాయింపుడు. పేరు లేని పాట సర్వే నంబరు లేని చేను వంటిది, ఎవడైనను తనదనవచ్చును. వ్రాసికొన్న దినమున పాటగానికి చాప వేసి, కూలి యిచ్చి పంపుడు.

మొన్న నేను హైదరాబాదు వెళ్ళి ఆ తాత కుమారుని కలిసితిని. మొదట తనకేమియు రాదనెను. తరువాత, ఇసుక జల్లెడ ప్రక్కన పెట్టి, తండ్రి పాటలో పదునొకండు చరణములు పాడెను. నాకు జ్ఞాపకమున్న నాలుగింటిలో రెండు తప్పని దిద్దెను. ఈ మారు నేను పుస్తకము వెంట తీసికొనిపోయితిని.