కానుకకు ముందు సమాధానం
(వార్షిక సర్వసభ్య సమావేశంలో అతిథుల ప్రసంగ పాఠం)



మేము మీ పొరుగున ఉన్న చర్చి నుంచి వచ్చాం. పొరుగువారితో సమాధానపడటం గురించి క్రైస్తవ విశ్వాసం ఏమంటుందో నాలుగు మాటలు చెప్పమని మీ కార్యవర్గం కోరింది. ఈ సభలో ఉన్నవారంతా ఇచ్చే చేయి ఉన్నవారు. అందుకే ఇవ్వడం గురించి యేసుప్రభువు చెప్పిన మాటతోనే మొదలుపెడతాం.

మీరు సలాం అంటారు. మా తెలుగు బైబిలులో ఆ అర్థానికి సమాధానం అనే మాట వాడారు. వాడుకలో సమాధానమంటే జవాబు. మాకు ఆ రెండు అర్థాలూ కలిసే వినిపిస్తాయి. ఒకరు ముందుగా పలకరించాలి, రెండోవారు బదులు పలకాలి. అప్పుడే శాంతి.

మత్తయి సువార్త 5వ అధ్యాయంలో ప్రభువు చెప్పిన సంగతి ఇది. ఒకడు కానుక పట్టుకుని బలిపీఠం దగ్గరకు వచ్చాడు. తన మీద సోదరుడి మనసులో ఏదో ఉందని అక్కడ గుర్తొచ్చింది. కానుక అక్కడే విడిచిపెట్టి, వెళ్లి ముందు అతనితో సమాధానపడి, తరువాత వచ్చి అర్పించమన్నారు ప్రభువు. గమనించండి, కోపం ఉన్నది ఎదుటివాడికి. నడిచి వెళ్లవలసింది మాత్రం కానుక తెచ్చినవాడు. తప్పు ఎవరిదో తేలేదాకా ఆగమని అక్కడ లేదు. ఇక పొరుగువాడెవడని ఒకరు అడిగితే, ఆయన సమరయుడి కథ చెప్పారు. ఆనాటి యూదులు సమరయులతో పొత్తు పెట్టుకునేవారు కారు. కాబట్టి పొరుగుతనం మనవాళ్ల గడప దగ్గర ఆగిపోదని మాకు బోధ.

చెప్పడం తేలికే. చేసిన ఇద్దరి సంగతి చెబుతాం. నైజీరియాలో కడూనా అనే రాష్ట్రం ఉంది. 1992లో అక్కడ ముస్లిములకు, క్రైస్తవులకు మధ్య ఘోరమైన అల్లర్లు జరిగాయి. పాస్టర్ జేమ్స్ వూయే, ఇమామ్ ముహమ్మద్ అషఫా అప్పట్లో చెరొక పక్క యువకుల దళాలకు నాయకులు. ఆ అల్లర్లలో పాస్టరు కుడిచేయి పోగొట్టుకున్నాడు. ఇమాము తన గురువును, ఇద్దరు దగ్గరి బంధువులను పోగొట్టుకున్నాడు. ఒకరి మీద ఒకరికి పగ తీర్చుకోవాలనే కోరిక మిగిలింది.

1995లో పిల్లల టీకాల గురించి జరిగిన సమావేశానికి ఇద్దరూ వచ్చారు. ఒక విలేఖరి వారి చేతులు కలిపి, ఈ రాష్ట్రాన్ని నిలబెట్టినా కూల్చినా మీ చేతిలోనే ఉందన్నాడు. అప్పటికే ఇమాము మనసు మెత్తబడి ఉంది. తాయిఫ్‌లో తనను రాళ్లతో కొట్టినవారిని దైవప్రవక్త (స) క్షమించిన ఘట్టం మీద మసీదులో విన్న ప్రసంగం ఆయనను కదిలించింది. పాస్టరు తల్లి జబ్బుపడితే ఇమాము చూడటానికి వెళ్లాడు. పాస్టరుకు మాత్రం కోపం వెంటనే పోలేదు. కలిసి పనిచేస్తున్న తొలిరోజుల్లో, ఒకే గదిలో పడుకున్నప్పుడు, దిండుతో ఇతని ఊపిరి ఆపేద్దామా అనిపించేదని ఆయనే తరువాత చెప్పుకున్నాడు. ద్వేషం పెట్టుకుని క్రీస్తును బోధించలేవని ఒక దైవసేవకుడు అన్న మాట ఆయనను మార్చింది.

ఇద్దరూ కలిసి కడూనాలో సర్వమత మధ్యవర్తిత్వ కేంద్రాన్ని నడిపారు. 2000లో అదే నగరంలో మళ్లీ అల్లర్లు రేగి వెయ్యిమందికి పైగా చనిపోయారు. అయినా వారు విడిపోలేదు. 2002లో ఉభయ మతాల పెద్దలతో కడూనా శాంతి ప్రకటన మీద సంతకాలు చేయించారు. 2004లో యెల్వా పట్టణంలో వందలమంది హతమయ్యాక, అక్కడికి వెళ్లి రెండు పక్షాలనూ ఎదురెదురుగా కూర్చోబెట్టారు. ఇద్దరిలో ఎవరూ తన మతాన్ని పలుచన చేసుకోలేదు. ఒకరు పాస్టరుగానే, ఒకరు ఇమాముగానే ఉన్నారు.

దాతలకు ఈ కథతో పనేమిటి? ఇల్లు కాలిపోయాక రేకులు, బియ్యం, దుప్పట్లు ఇస్తాం. అది పుణ్యమే, అవసరమే. ఇల్లు కాలకముందు చేయగలిగిన దానం ఒకటుంది, దానికి రూపాయల కంటే కాళ్లు ఎక్కువ కావాలి. ఇల్లు కాలుతుండగా బావి తవ్వడం మొదలుపెడితే నీళ్లు అందవు. మనుషుల మధ్య సయోధ్య కుదర్చడం ఉపవాసం, నమాజు, దానం కంటే మేలైనదని దైవప్రవక్త (స) చెప్పినట్టు హదీసులో ఉందని మీ పెద్దల ద్వారా విన్నాం. మా బలిపీఠం దగ్గర వినిపించే మాట, మీ హదీసు మాట ఒకే దారి చూపిస్తున్నాయి.

కాబట్టి మీకూ మాకూ కలిపి మూడు మనవులు. ఒకటి, ప్రతి వాడలో మసీదు, చర్చి, గుడి పెద్దలు ఒకరి ఫోను నంబరు ఒకరి దగ్గర ఉంచుకోవాలి. పుకారు పుడితే ముందు ఆ నంబరుకే ఫోను వెళ్లాలి. వార్తను విచారించి తెలుసుకోమని, కలహించినవారిని కలపమని మీ ఖుర్ఆన్‌లో హుజురాత్ సూరా రెండూ చెబుతుంది కదా. రెండు, గొడవ జరిగినచోట సాయం పంచవలసి వస్తే మీవాళ్లు, మావాళ్లు కలిసి ఒకే బండిలో వెళ్లి రెండు పక్కలా పంచుదాం. మూడు, పండుగ రోజు సేమియా, కేకు మార్చుకుంటున్నాం, మంచిదే. జబ్బుపడిన ఇంటికీ, జనాజా లేచే ఇంటికీ, సమాధుల తోటకూ కూడా వెళదాం. కడూనాలో తలుపు తెరిచింది అలాంటి పరామర్శే.

మీ సంఘం ఇచ్చే ప్రతి కానుకనూ దేవుడు స్వీకరించాలని కోరుకుంటున్నాం. మామీద మీ మనసుల్లో ఏదైనా ఉంటే చెప్పండి. వినడానికి మేమే మీ గడపకు వస్తాం. సెలవు.