రక్షణ వారసత్వంగా వస్తుందా?

(రేడియోలో ప్రసారమైన సందేశమునకు అక్షరరూపము)
వాక్యభాగము: అపొస్తలుల కార్యములు 16:25-34

గురజాలలోను, చుట్టుపక్కల పల్నాటి పల్లెలలోను ఈ సందేశము వింటున్నవారు, పత్రికలో చదువుతున్నవారు, ఈ కొద్ది నిమిషాలు ఒకే ఒక ప్రశ్న మీ హృదయంలో ఉంచుకొమ్మని ప్రేమతో మనవి చేస్తున్నాను. "నేను రక్షింపబడ్డానా?"

ఈ ప్రశ్నకు మనలో చాలామంది చెప్పే జవాబు ఒకటుంది. "మేము తాతముత్తాతల నాటి నుండి క్రైస్తవులమండీ!" ఈ మాట అబద్ధం కాదు. 1842 జూలై 31న గుంటూరు చేరిన అమెరికా లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ గారు 1849లో గురజాలకు వచ్చి పరిచర్య చేశారు. అప్పటికే ఆయనకు యాభై ఏళ్లు దాటాయి. మధ్యలో స్వదేశం వెళ్లినప్పుడు వైద్యం చదువుకొని మరీ మన మధ్యకు తిరిగి వచ్చిన దైవజనుడాయన. ఏ.ఇ.ఎల్.సి. సంఘము ఏర్పడిన 1927 సంవత్సరానికి 78 ఏళ్ల ముందే ఈ ఊరిలో సువార్త వెలుగు ప్రకాశించింది. దేవునికి స్తోత్రము!

అయితే ప్రియులారా, తాతగారు విత్తిన చింతచెట్టు నీడ మనుమడికి వస్తుంది. తాతగారి పొలం పాస్‌పుస్తకంతో సహా వస్తుంది. తాతగారి విశ్వాసం అలా వస్తుందా? లూకా సువార్త 3వ అధ్యాయం చదవండి. అబ్రాహాము మాకు తండ్రి అని చెప్పుకొని ధైర్యంగా కూర్చోవద్దని బాప్తిస్మమిచ్చు యోహాను తన కాలపువారిని గట్టిగా హెచ్చరించాడు. అబ్రాహాము పేరే చాలనప్పుడు, మన తాతగారి పేరు చాలుతుందా?

ఇప్పుడు ఫిలిప్పీ పట్టణపు చెరసాలకు వెళదాం. పౌలు, సీలలను బెత్తములతో కొట్టి లోపలి గదిలో వేశారు. కాళ్లకు బొండ బిగించారు. మధ్యరాత్రి వారు ప్రార్థిస్తూ, పాడుతూ ఉంటే గొప్ప భూకంపం కలిగింది. తలుపులు తెరుచుకున్నాయి, బంధకాలు ఊడిపోయాయి. ఖైదీలు పారిపోయారనుకొని చెరసాల నాయకుడు కత్తి దూసి తన్ను తానే పొడుచుకోబోయాడు. మేమందరము ఇక్కడే ఉన్నామని పౌలు కేక వేశాడు. అప్పుడు ఆ నాయకుడు దీపము తెప్పించుకొని, వణుకుతూ వచ్చి, నేను రక్షింపబడాలంటే ఏం చేయాలని అడిగాడు.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. అతడు ఆ ప్రశ్న అడిగేనాటికి భూకంపం ఆగిపోయింది. ఒక్క ఖైదీ కూడా తప్పించుకోలేదు కాబట్టి పై అధికారుల శిక్షా లేదు. ప్రమాదం అంతా దాటిపోయింది. మరి దేని నుండి రక్షణ కావాలన్నాడు? తన లోపల ఉన్నదాని నుండి! దేవుని ఎదుట నిలువలేని తన పాపస్థితి నుండి! మత్తయి మొదటి అధ్యాయంలో యేసు అను పేరు ఎందుకు పెట్టమన్నాడో దూత చెప్పాడు. తన ప్రజలను వారి పాపముల నుండి ఆయనే రక్షిస్తాడు గనుక.

ఈ దినాల్లో రక్షణ అనగానే కొందరు జబ్బు నయమవడం, అప్పు తీరడం, పిల్లవాడికి ఉద్యోగం రావడం అనుకుంటున్నారు. దేవుడు అవి కూడా దయచేయగల సమర్థుడు. అయితే మూడుసార్లు వేడుకున్నా పౌలు శరీరంలోని ముల్లు పోలేదు. కాబట్టి మంచం మీద ఉండి ఈ సందేశం వింటున్న తల్లీ, నీ జబ్బు తగ్గలేదు గనుక నీకు రక్షణ లేదని ఎవరైనా అంటే నమ్మవద్దు.

సరే, రక్షణ ఎలా వస్తుంది? ఏం చేయాలని అతడు అడిగాడు. ప్రభువైన యేసునందు విశ్వాసముంచమని వారు చెప్పారు. ఇంతేనా? ఇంతే! 1505లో మఠంలో చేరిన మార్టిన్ లూథర్ ఉపవాసాలున్నాడు, రాత్రులు మేలుకొని ప్రార్థించాడు, చిన్న తప్పునైనా విడువక ఒప్పుకున్నాడు. అయినా మనశ్శాంతి దొరకలేదు. దేవుని నీతి మనం సంపాదించుకునే జీతం కాదనీ, విశ్వాసం ద్వారా ఉచితంగా పుచ్చుకునే వరమనీ రోమా పత్రికలో చూచినప్పుడే అతనికి నెమ్మది కలిగింది.

మన పల్నాటి రైతుకు ఇది తెలియని సంగతి కాదు. 1955లో నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగింది. 1967లో కుడికాలువకు నీళ్లు వదిలారు. అంతకుముందు మెట్ట పొలంలో ఎంత చెమటోడ్చినా కృష్ణానదిని తన చేను దాకా తెచ్చుకోగలిగిన రైతు ఎవరైనా ఉన్నాడా? నీళ్లే అతని దగ్గరకు వచ్చాయి. ఆ ఆనకట్ట కట్టడంలో ఎందరో శ్రమపడ్డారు, కొందరు ప్రాణాలే పోగొట్టుకున్నారు. చేలో ఉన్న రైతు చేసిందల్లా మడవ తీయడమే. మడవ తీసినవాడు, ఈ నీళ్లు నేనే పుట్టించానని గొప్పలు చెప్పుకోడు. విశ్వాసమంటే అదే. రక్షణ మనకు ఉచితమే గాని, దేవునికి ఉచితం కాదు. తన కుమారుని సిలువకు అప్పగించవలసి వచ్చింది.

అయితే నాన్నగారి మడి తడిసిందని నా మడి తడవదు. కాలువ పక్కనే పొలమున్నా మడవ తీయకపోతే పైరు ఎండుతుంది. చర్చి గంట వినబడే దూరంలో ఇల్లున్నా, హృదయం తెరవకపోతే ఆత్మ ఎండే ఉంటుంది.

"అతడు విశ్వసిస్తే ఇంటివారందరికీ రక్షణ అని ఆ వచనంలోనే ఉంది కదండీ" అని మీరు అడగవచ్చు. తరువాతి వచనాలు కూడా చదవండి. ఇంటనున్న వారందరికీ వాక్యం బోధించారు. ఇంటివారందరూ బాప్తిస్మం పొందారు, అందరూ కలిసి ఆనందించారు. తండ్రి తలుపు తీశాడు. సువార్త మాత్రం ఇంటిల్లిపాదికీ అందింది. తల్లిదండ్రులారా, పిల్లలకు మనమివ్వగలిగినది అదే. వారికి వాక్యం వినిపించండి, వారి కొరకు మోకరించండి.

చివరిగా, రక్షణ పొందినవాడు ఏం చేశాడు? ఆ రాత్రి ఆ గడియలోనే వారి గాయాలు కడిగాడు. బొండ బిగించిన ఆ చేతులే గాయాలు కడిగాయి! తన ఇంట భోజనం పెట్టాడు. రక్షణ కొనుక్కోవడానికి ఇవన్నీ చేయలేదు. రక్షణ దొరికింది గనుక చేశాడు.

పల్నాడు పౌరుషానికి పేరుపడ్డ నేల. కారంపూడి పేరు చెప్పగానే అన్నదమ్ముల యుద్ధమే గుర్తుకొస్తుంది. ఈనాటికీ గట్టు తగాదాలు తండ్రి నుండి కొడుక్కి, కొడుకు నుండి మనుమడికి వస్తున్నాయి. చూడండి ప్రియులారా, రక్షణ వారసత్వంగా రాదు గాని పగ వస్తున్నది! ఒకే చర్చిలో ప్రభు బల్లను సమీపించి, బయట ఒకరి ముఖం ఒకరు చూడని అన్నదమ్ములారా, మీరు ఎవరి గాయం కడగవలసి ఉన్నది? ఈ రాత్రి ఆ గుమ్మం దాకా వెళ్లగలరా?

నాకు వయస్సు అయిపోయింది, ఇంకా ఏం సమయముంది అంటారా? సిలువ మీద ప్రభువు ప్రక్కనున్న దొంగకు ఒక్క మంచి పని చేయడానికైనా సమయం లేదు. చేతులు కొట్టబడి ఉన్నాయి. తన్ను జ్ఞాపకం చేసుకొమ్మని మాత్రం అడిగాడు. ఆ దినమే పరదైసు వాగ్దానం పొందాడు. మీరు కూడా ఇప్పుడే, ఉన్నచోటనే అడగవచ్చు.

ప్రార్థించుకుందాం. కృపగల తండ్రీ, మా పెద్దల విశ్వాసము కొరకు నీకు స్తోత్రములు. వారి పేరు చెప్పుకొని నీ యెదుట నిలువలేమని ఒప్పుకొనుచున్నాము. మా కొరకు మరణించి తిరిగి లేచిన నీ కుమారునియందు మాలో ప్రతివానికి విశ్వాసము దయచేయుము. మేము గాయపరచినవారి యొద్దకు వెళ్లు ధైర్యమిమ్ము. యేసు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ, ఆమేన్.